పెన్నేరు గడ్డ లెక్క

దుకాణంలో అశ్వగంధ సీసాలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో వేరు పొడి, రెండోదానిలో వేరు నుంచి తీసిన సారం. పేరు ఒకటే, సీసా మీది బొమ్మలో గడ్డా ఒకటే. లోపలి లెక్క మాత్రం ఒకటి కాదు.

మనం పెన్నేరు గడ్డ అని పిలుచుకునే ఈ వేరులో ప్రయోగశాలలు ముఖ్యంగా కొలిచేది విథనోలైడ్లు అనే పదార్థాలను. అమెరికా మందుల ప్రమాణ గ్రంథం (ఫార్మకోపియా) ప్రకారం ఎండు వేరులో ఇవి కనీసం 0.3 శాతం ఉండాలి. అంటే 5 గ్రాముల పొడిలో 15 మిల్లీగ్రాములు. 5 శాతం అని రాసి అమ్మే సారంలోనైతే అదే 15 మిల్లీగ్రాములు 300 మిల్లీగ్రాముల గుళికలో ఇమిడిపోతాయి. వేరులోని మిగతా పదార్థాలు రెండింటిలో ఒకేలా ఉండవు కాబట్టి రెండూ ఒకే మందు అనలేం. కానీ ‘అశ్వగంధ వాడుతున్నాను’ అన్నవారు ఎంత వాడుతున్నారో తెలియాలంటే ఈ అంకె తప్పనిసరి.

ఆ 5 శాతాన్ని ఎలా కొలిచారన్నదీ అడగాల్సిందే. పాత పద్ధతిలో సారాన్ని ద్రావకాలతో శుద్ధి చేసి, మిగిలినదాన్ని తూస్తారు. విథనోలైడ్లు కానివీ తూకంలో కలుస్తాయి, అంకె పెరుగుతుంది. హెచ్‌పీఎల్‌సీ అనే పద్ధతిలో సారాన్ని ఎక్కువ ఒత్తిడితో సన్నని గొట్టం గుండా పంపుతారు. ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికి వస్తుంది, ఏది ఎంత ఉందో విడిగా లెక్కకట్టవచ్చు. ఒకే సారానికి తూకంలో వచ్చిన శాతం ఇందులో బాగా తగ్గవచ్చు.

మొత్తం శాతం సరిపోయినా మోసం దాగే చోటు ఇంకొకటుంది: ఆకు. వేరు కంటే ఆకు చవక, పైగా ఆకులో విథాఫెరిన్-ఎ అనే విథనోలైడ్ ఎక్కువ. ఆకు కలిపితే ఖర్చు తగ్గుతుంది, అంకె పెరుగుతుంది. అందుకే మంచి ప్రయోగశాల మొత్తం ఎంతో చూసి ఊరుకోదు, ఏ విథనోలైడ్ ఏ పాళ్లలో ఉందో కూడా చూస్తుంది. అశ్వగంధ ఆకులు వాడవద్దని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు సూచించింది.

ఇక లోహాలు. మూలికా మందుల్లో మన దేశపు పరిమితులు: సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం. ఒక పీపీఎం అంటే కిలోకు ఒక మిల్లీగ్రాము. సీసం సరిగ్గా గీత మీదున్నా 5 గ్రాముల పొడితో ఒంట్లోకి 50 మైక్రోగ్రాములు పోతాయి, 300 మిల్లీగ్రాముల గుళికతో 3. పరిమితి ఒకటే అయినా తినే పరిమాణాన్ని బట్టి ఒంట్లో చేరేది ఇంతగా మారుతుంది. రోజూ నెలల తరబడి వాడేవారికి ఇది చిన్న తేడా కాదు. 2003లో అమెరికాలోని బోస్టన్ ప్రాంత దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా కనిపించింది.

పరీక్ష మన వైద్యానికి పరాయిదేం కాదు. భస్మం నీటి మీద తేలుతుందా, వేలి గీతల్లో ఇమిడేంత మెత్తగా ఉందా అని మన వైద్యులు ఏనాటి నుంచో చూస్తూనే ఉన్నారు. వేలికి అందనిదాన్ని ఇప్పుడు యంత్రం చూస్తోంది. సీసా మీది బ్యాచ్ నంబరు చెప్పి, ఆ బ్యాచ్ పరీక్ష పత్రం తయారీదారుని అడగండి. అందులో విథనోలైడ్ల శాతం, కొలిచిన పద్ధతి, నాలుగు లోహాల అంకెలు ఉండాలి. ‘పరిమితిలోనే ఉంది’ అని రాసి అంకె ఇవ్వకపోతే, ఆ అంకె ఇవ్వమని మళ్లీ అడగండి.