ఈ చొక్కా ఏ చేలో పుట్టింది?

వెయ్యి నూలు టీషర్టులు కుట్టడానికి ఎంత పత్తి కావాలి? టీషర్టు 150 గ్రాములు తూగుతుందనుకుంటే తయారైన సరుకు 150 కిలోలు. కటింగులో వందకు పదిహేను వంతులు ముక్కలుగా పోతాయి కాబట్టి గుడ్డ 176 కిలోలు కావాలి. అల్లికలోనూ అద్దకంలోనూ కలిపి ఏడు శాతం తరుగు తీస్తే నూలు 190 కిలోలు. సన్నని కోంబ్డ్ నూలు తీసేటప్పుడు దూదిలో నాలుగో వంతుకు పైగా పొట్టి పోగుగా, చెత్తగా పోతుంది. అంటే దూది 264 కిలోలు, 170 కిలోల బేళ్ల లెక్కన ఒకటిన్నర బేలు. క్వింటాలు పత్తికి దూది 34 కిలోల దాకా దిగుతుంది, మిగతాది గింజ. వెనక్కి లెక్కేసుకుంటూ పోతే 775 కిలోల పత్తి దగ్గర ఆగుతాం. ఎకరానికి ఏడెనిమిది క్వింటాళ్లు పండే నల్లరేగడిలో అది ఒక ఎకరం పంట.

మిల్లును బట్టి, పత్తి రకాన్ని బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. కానీ బట్టల వ్యాపారంలో ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న 'ట్రేసబిలిటీ'కి, అంటే సరుకు జాడ చెప్పగలగడానికి, పునాది ఈ లెక్కే. ఫలానా రైతు సంఘం పత్తితోనే వెయ్యి టీషర్టులు కుట్టామని ఒక బ్రాండు చెప్పిందనుకోండి. ఆ సంఘం నుంచి జిన్నింగ్ మిల్లుకు చేరింది 400 కిలోలేనని కాగితాలు చెబితే, మిగతా పత్తి ఇంకెక్కడి నుంచో వచ్చి కలిసిందన్నమాట. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ల కంటే ముందు ఈ తూకం సరిపోవాలి.

అసలు ఇంత పట్టుదల ఎందుకొచ్చింది? 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావార్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కుప్పకూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడ ఎవరి బట్టలు కుడుతున్నారో తెలుసుకోవడానికి శిథిలాల్లో దొరికిన లేబుళ్లను ఏరుకోవాల్సి వచ్చింది. తమ ఆర్డరు చేతులు మారి ఆ భవనంలోకి చేరిన సంగతి కొన్ని కంపెనీలకే తెలియదు. నా దృష్టిలో అప్పటి అసలు పాఠం ఇదే: ఎక్కడ తయారవుతోందో తెలియని చోట ఎవరి ప్రాణానికీ జవాబుదారీ ఉండదు.

తర్వాత చట్టాలు వరసకట్టాయి. అమెరికాలో 2022 జూన్ 21 నుంచి అమల్లో ఉన్న ఉయ్‌గుర్ బలవంతపు శ్రమ నిరోధక చట్టం ప్రకారం, చైనాలోని షిన్‌జియాంగ్ పత్తి ఏ దశలో కలిసినా ఆ సరుకు బలవంతపు శ్రమతో తయారైనదిగానే భావిస్తారు. కాదని రుజువు చేసుకునే భారం దిగుమతిదారుది. ప్రపంచ పత్తిలో ఐదో వంతు దాకా పండేది ఆ ప్రాంతంలోనే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఫ్రాన్స్‌లో నేత, అద్దకం, కుట్టు ఏయే దేశాల్లో జరిగాయో కొనేవారికి చెప్పాలన్న నియమం 2023లో పెద్ద కంపెనీలతో మొదలై, 2025 నాటికి ఏడాదికి కోటి యూరోల వ్యాపారం, పదివేల వస్తువుల అమ్మకం దాటినవారి దాకా దిగింది. యూరోపియన్ యూనియన్ ఎకోడిజైన్ నియమావళి 2024 జులైలో అమల్లోకి వచ్చింది. స్కాన్ చేస్తే వివరాలు కనిపించేలా వస్తువుకు డిజిటల్ పాస్‌పోర్టు ఇవ్వాలన్న ఆలోచన అందులోదే. 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన కార్యప్రణాళికలో ముందు వరసలో ఉన్నవాటిలో బట్టలున్నాయి. బలవంతపు శ్రమతో తయారైన సరుకును నిషేధించే యూరోపియన్ చట్టం 2027 డిసెంబరు 14 నుంచి వర్తిస్తుంది. దానికి కంపెనీ చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు.

హైదరాబాదులో పదిమందితో నడిచే ఒక బ్రాండు పారిస్‌లో ఉన్న దుకాణానికి పిల్లల గౌన్లు పంపుతోందనుకుందాం. ఆ దుకాణం నుంచి ఒకరోజు ప్రశ్నల పట్టిక వస్తుంది. కుట్టిన యూనిట్ పేరు వెంటనే చెప్పగలరు. గుడ్డ ఎక్కడ కొన్నారో బిల్లుంది. అద్దకం ఎక్కడ జరిగిందంటే గుడ్డ వ్యాపారిని అడగాలి, అతను జాబ్ వర్క్‌కు ఇచ్చి ఉంటాడు. నూలు ఏ మిల్లుది? పత్తి ఏ జిల్లాది? ఇక్కడికి వచ్చేసరికి చాలామందికి మాట ఆగిపోతుంది.

ఆగిపోవడం ఎవరి మోసమూ కాదు, ఆ పనిలో ఉన్న తీరే అంత. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రైతు పత్తి కాంటా వేసి తక్‌పట్టీ అనే చీటీ ఇస్తారు. అక్కడిదాకా రైతు పేరు, ఊరు, బరువు అన్నీ ఉన్నాయి. అదే పత్తి జిన్నింగ్ మిల్లు ఆవరణలో గుట్టగా పడ్డాక, పాలకేంద్రం క్యాన్‌లో పోసిన పాలలాగా, ఎవరిది ఏదో విడదీయలేం. స్పిన్నింగ్ మిల్లులో కలపడం ఇంకా ఎక్కువ. పోగు పొడవు, బలం, మైక్రోనేర్ (పోగు సన్నదనం) చూసి వేర్వేరు లాట్ల నుంచి పదుల కొద్దీ బేళ్లను పక్కపక్కన పేర్చి, ప్రతిదాన్నుంచీ కొంచెం కొంచెం తీసి కలుపుతారు. అలా కలపకపోతే ఈ నెల నూలుకూ వచ్చే నెల నూలుకూ పోలిక ఉండదు, అద్దకంలో గుడ్డ చారలు పడుతుంది. మిల్లు మాస్టరు నేర్పంతా ఆ కలపడంలోనే ఉంది. జాడ మాసిపోయేదీ అక్కడే.

దీనికి వ్యాపారం రెండు దారులు వెతుక్కుంది. ఒకటి బరువుల సర్దుబాటు: వంద కిలోల మంచి పత్తి కొన్న మిల్లు, తరుగు పోగా అంతమేరకే 'మంచి' నూలు అమ్మినట్టు రాసుకోవచ్చు. మీ చొక్కాలో ఆ పత్తే ఉందన్న హామీ మాత్రం లేదు. బెటర్ కాటన్ సంస్థ చాలాకాలం ఈ పద్ధతిలోనే నడిచి, 2023 నవంబరులో అసలు పత్తి జాడను అనుసరించే పద్ధతిని కూడా తెచ్చింది. రెండోది ఆ పత్తిని గోదాము నుంచి మగ్గం దాకా విడిగా ఉంచడం. సేంద్రియ వస్త్రాల గాట్స్ ప్రమాణం కోరేది ఇదే. ఖర్చెక్కువే అయినా, దేశం పేరో ఊరి పేరో చెప్పి అమ్మదలచినవారికి నిజాయితీగా మిగిలే దారి ఇదొక్కటే అని నా అభిప్రాయం.

కాగితం అబద్ధమాడితే? పత్తి పోగే సాక్ష్యం చెబుతుంది. పోగులో ఉన్నది దాదాపు అంతా సెల్యులోజ్. అందులోని ఆక్సిజన్, హైడ్రోజన్ మొక్క తాగిన నీటితో ముడిపడినవి. నీటిలో ప్రతి ఐదువందల ఆక్సిజన్ పరమాణువుల్లో సుమారు ఒకటి బరువైనది, ఆక్సిజన్-18. మేఘం సముద్రం నుంచి దూరంగా, చల్లని ఎత్తైన చోట్లకు వెళ్లేకొద్దీ బరువైనది ముందే కురిసిపోయి, తర్వాతి వానలో తేలికైనది ఎక్కువవుతుంది. ఎండకు ఆకుల్లోంచి నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికైనది ముందు పోతుంది, బరువైనది మిగిలిపోతుంది. ఇలా ప్రతి ప్రాంతపు వాన, ఎండ, సాగునీరు కలిసి పోగులో ఒక నిష్పత్తిని రాసిపెడతాయి. హైడ్రోజన్‌తో ఒక చిక్కుంది: ఆక్సిజన్‌కు అంటిన హైడ్రోజన్ ఉతికే నీటితో మారిపోతుంది, కార్బన్‌కు అంటినది మారదు. అందుకే ప్రయోగశాలలో మొదటిదాని ప్రభావాన్ని తొలగించి లెక్క కడతారు. నేల నుంచి వచ్చే స్ట్రాన్షియం వంటి సూక్ష్మ మూలకాలు కూడా ఆనవాలే, కాకపోతే బ్లీచింగ్, రంగులు వాటిని చెదరగొడతాయి.

ఈ పరీక్షను మంత్రదండం అనుకోకూడదు. పోల్చుకోవడానికి ఆయా ప్రాంతాల్లో నిజంగా కోసిన పత్తి నమూనాలు ముందే ఉండాలి. ఆదిలాబాద్‌కూ సరిహద్దు అవతలి యవత్మాల్‌కూ తేడా పట్టుకోవడం కష్టం. మూడు దేశాల పత్తి కలిసిన నూలులో నిష్పత్తులు సగటుగా మారిపోతాయి. డీఎన్ఏ పరీక్ష బీటీ పత్తిని గింజలో, దూదిలో, రంగెయ్యని నూలులో పట్టిస్తుంది. బ్లీచింగ్, అద్దకం అయ్యాక డీఎన్ఏ ముక్కలైపోతుంది. కాబట్టి పరీక్ష చేసే పని కాగితాలు చెప్పింది నమ్మదగినదా కాదా తేల్చడం. కాగితాలే లేనిచోట అది చేయగలిగేది తక్కువ.

క్యూఆర్ కోడ్ వేస్తే చాలనుకునేవారికి 2020 నాటి సంగతి చెప్పాలి. భారతదేశంలో 20,000 టన్నుల సేంద్రియ పత్తికి నకిలీ ధ్రువపత్రాలు పుట్టించారని గాట్స్ విచారణలో బయటపడింది. ఆ పత్రాల మీద క్యూఆర్ కోడ్లున్నాయి. స్కాన్ చేస్తే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటును అచ్చుగుద్దినట్టు పోలిన నకిలీ సైటు తెరుచుకునేది. బ్లాక్‌చెయిన్ కూడా రాసినదాన్ని మార్చకుండా కాపాడుతుందే తప్ప, రాసినప్పుడే అబద్ధం రాస్తే దాన్నీ అంతే భద్రంగా కాపాడుతుంది. కాంటా దగ్గర నిలబడి రాసే మనిషి నిజాయితీ, అప్పుడప్పుడు వెళ్లి చూసే మరో మనిషి కళ్లు, వీటి స్థానంలోకి వచ్చే యంత్రం ఇంకా లేదు.

మరి చిన్న బ్రాండు ఎక్కడ మొదలుపెట్టాలి? దుస్తులన్నీ కాదు, బాగా అమ్ముడుపోయే ఒక్కదాన్ని ఎంచుకోవాలి. మన దేశంలో జీఎస్టీ ఇన్వాయిస్, ఈ-వే బిల్లు, జాబ్ వర్క్ చలానా ఎలాగూ ఉన్నాయి. డబ్బు జాడ వాటిలో పూర్తిగా ఉంది. లేనిదల్లా లాట్ నంబరు. నూలు లాట్ నంబరు గుడ్డ బిల్లు మీద, గుడ్డ లాట్ నంబరు కటింగ్ షీటు మీద రాయించగలిగితే సగం పని అయినట్టే. ముందు చెప్పకుండా పనిని వేరే యూనిట్‌కు పంపకూడదన్న మాట ఆర్డరు కాగితం మీదే ఉండాలి. పని ఎక్కువై పంపాల్సి వస్తే ఏ యూనిట్‌కో చెబితే చాలునన్న భరోసా కూడా కుట్టేవారికి ఇవ్వాలి. శిక్షకు భయపడితే ఎవరూ నిజం చెప్పరు.

చిన్నవాళ్లకు అసలు అడ్డంకి పరిమాణం. 190 కిలోల నూలు కోసం ఏ మిల్లూ విడిగా మిషన్లు నడపదు. అందుకని ముందే ధ్రువీకరించిన లాట్లు నడిపే మిల్లు దగ్గర కొనడమో, నలుగురు బ్రాండ్లవాళ్లు కలిసి ఒకే లాటు తీసుకోవడమో చేయాలి. బేలు మీద కోడ్ వేసే పద్ధతిని కాటన్ కార్పొరేషన్ మొదలుపెట్టింది, ప్రభుత్వం కస్తూరి పత్తి పేరుతో జిన్నింగ్ నుంచి ముందుకు జాడ పట్టే కార్యక్రమం నడుపుతోంది. ఆ కోడ్ స్పిన్నింగ్ మిల్లు గేటు దాటి లోపలికి కూడా వెళ్లేలా అడగాల్సింది కొనేవాళ్లమే.

చేనేతలో పరిస్థితి వేరు. పోచంపల్లి ఇకత్‌కు ఉన్న భౌగోళిక గుర్తింపు నేసిన చోటు చెబుతుంది, పత్తి పండిన చోటు చెప్పదు. నూలు చిలపల కట్ట మీద మిల్లు చీటీ ఉంటుంది. చిటికి (అద్దకపు ముడులు) కట్టేముందు దాన్ని ఫోటో తీసి సొసైటీ పుస్తకంలో అంటిస్తే చాలు. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీకి ఇంతకంటే సులువు: ఆ చుట్టుపక్కల పండే పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, అక్కడే వడికి, అక్కడే నేస్తారు. గొలుసు పొట్టిది కాబట్టి మధ్యలో తెగే చోట్లు తక్కువ. ఇలాంటి పొట్టి గొలుసులున్నవారికి కొత్త నియమాలు భారం కాకుండా బలం కావాలంటే, రాసిపెట్టే పనికి కూలి కట్టివ్వాలి. ఆ కూలి నేతమ్మ కూలిలోంచి కోయకుండా గుడ్డ ధరలో చేరాలి. కోడ్ స్కాన్ చేసినవారికి సొసైటీ పేరు, ఊరు కనిపిస్తే సరిపోతుంది. నేతమ్మ ఫోను నంబరు, ఫోటో ఆమె ఒప్పుకుంటేనే పెట్టాలి, వద్దంటే తీసేయాలి. ఆర్డరు ఒప్పందంలో ఈ రెండు షరతులు రాసుకున్నాకే ఏ బ్రాండైనా పాస్‌పోర్టు పని మొదలుపెట్టాలి.