మాక్యులా రంధ్ర శస్త్రచికిత్స

కంటి వెనుక పొర అయిన నేత్రపటలం మధ్యభాగంలో ఏర్పడిన సూక్ష్మ రంధ్రాన్ని మూసివేయడానికి చేసే శస్త్రచికిత్సను మాక్యులా రంధ్ర శస్త్రచికిత్స అంటారు. 1991కి ముందు ఈ రంధ్రానికి చికిత్స లేదని భావించేవారు. నేడు పదింట తొమ్మిది రంధ్రాలు ఒకే శస్త్రచికిత్సతో మూసుకొంటున్నాయి. అయితే ఎంత చూపు తిరిగి వస్తుందనేది, రోగి ఎంత త్వరగా వైద్యుని వద్దకు వచ్చాడన్న దానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

మాక్యులా, మధ్యచూపు

నేత్రపటలం లేక రెటీనా కంటిగోళం లోపలి గోడను కప్పి ఉండి కాంతిని గ్రహిస్తుంది. దాని మధ్యలో సుమారు 5.5 మిల్లీమీటర్ల వ్యాసం గల ప్రాంతమే మాక్యులా. పాఠ్యపుస్తకాలలో దీనిని పచ్చచుక్క అంటారు. దాని నడుమ ఉన్న చిన్న గుంట పేరు ఫోవియా. రంగులను, సూక్ష్మ వివరాలను గుర్తించే శంకు కణాలు ఇక్కడ అత్యంత దట్టంగా ఉంటాయి. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటివారి ముఖం గుర్తుపట్టడం వంటి పనులకు ఫోవియాయే ఆధారం. అందువలన అర మిల్లీమీటరు రంధ్రం కూడా చదివే శక్తిని దెబ్బతీస్తుంది. పక్కచూపు మాత్రం చెడదు.

కారణాలు

కంటిగోళంలో ఎక్కువ భాగాన్ని కాచావత్ ద్రవం నింపి ఉంటుంది. పేరుకు ద్రవమే అయినా ఇది గుడ్డులోని తెల్లసొన వంటి జిగురు పదార్థం. వయసు పైబడిన కొద్దీ ఇది పలుచబడి, కుంచించుకొని నేత్రపటలం నుండి విడివడుతుంది. ఇది సహజమైన మార్పే. కానీ కొందరిలో ఇది ఫోవియాకు గట్టిగా అంటుకొని ఉండి, విడివడే సమయంలో దానిని లాగుతుంది. ఆ లాగుడుకు రంధ్రం ఏర్పడుతుంది. 60 సంవత్సరాలు దాటిన వారిలో, పురుషులకంటె స్త్రీలలో ఇది ఎక్కువ. కంటికి తగిలిన బలమైన దెబ్బ, తీవ్రమైన హ్రస్వదృష్టి కూడా కారణాలు కావచ్చును. ఎక్కువగా చదవడం వలన గాని, టీవీ చూడడం వలన గాని ఇది రాదు.

లక్షణాలు, నిర్ధారణ

సరళ రేఖలు వంకరగా కనిపించడం, చదివేటప్పుడు పదం మధ్యలో అక్షరాలు మాయం కావడం, చూస్తున్న చోటనే మసక మచ్చ ఏర్పడడం ముఖ్య లక్షణాలు. నొప్పి, ఎరుపు ఉండవు. రెండు కళ్ళతో చూసేటప్పుడు మంచి కన్ను ఈ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. అందుచేత చాలామంది శుక్లం ముదురుతున్నదనో, కళ్ళద్దాలు మార్చుకోవాలనో భావించి ఆలస్యం చేస్తారు. కానీ కళ్ళద్దాలు గాని, శుక్లం తీయడం గాని రంధ్రాన్ని మూయలేవు. ఒక్కొక్క కన్నును మూసి, రెండవ కంటితో కిటికీ ఊచలను గాని, ఆమ్‌స్లర్ గడుల పటాన్ని గాని చూస్తే తేడా తెలుస్తుంది. ఓ.సి.టి. అనే పరీక్షలో నేత్రపటలం పొరలు, రంధ్రం కొలతలు స్పష్టంగా కనిపిస్తాయి.

మధుమేహం వలన, వయసు వలన మాక్యులాకు వచ్చే ఇతర వ్యాధులలో కూడా ఇటువంటి లక్షణాలే ఉండవచ్చును. వాటి చికిత్స వేరు.

చరిత్ర

1970లో అమెరికాలోని మయామీలో రాబర్ట్ మాకెమర్ కంటి తెల్లభాగం గుండా సన్నని పరికరాన్ని పంపి కాచావత్ ద్రవాన్ని తొలగించే పద్ధతిని ప్రారంభించాడు. దీనిని విట్రెక్టమీ అంటారు. ఫోవియాపై పడే లాగుడే రంధ్రానికి మూలమని 1988లో డొనాల్డ్ గాస్ వివరించి, వ్యాధి దశలను వర్గీకరించాడు. అయితే లాగుడును తొలగిస్తే రంధ్రం మూసుకోవాలి. ఈ ఆలోచనతో నీల్ కెల్లీ, రాబర్ట్ వెండెల్ అనే వైద్యులు 52 కళ్ళకు శస్త్రచికిత్స చేసి 1991లో ఫలితాలను ప్రకటించారు. వాటిలో 30 కళ్ళలో, అనగా 58 శాతం కళ్ళలో, రంధ్రం మూసుకొంది.

శస్త్రచికిత్స విధానం

సాధారణంగా కంటి చుట్టూ మాత్రమే మత్తుమందు ఇస్తారు. కంటి తెల్లభాగంలో మూడు సన్నని రంధ్రాలు చేస్తారు. ఒకటి ద్రవాన్ని ఎక్కించడానికి, ఒకటి వెలుతురుకు, ఒకటి పరికరానికి. నేటి పరికరాల వ్యాసం సుమారు అర మిల్లీమీటరు కనుక తరచుగా కుట్లు అవసరం ఉండదు.

మొదట కాచావత్ ద్రవాన్ని తొలగిస్తారు. తరువాత నేత్రపటలం ఉపరితలంపై ఉన్న అంతర పరిమితి త్వచాన్ని రంధ్రం చుట్టూ ఒలిచివేస్తారు. దీని మందం మిల్లీమీటరులో వెయ్యింట రెండు మూడు వంతులు మాత్రమే. ఇది పారదర్శకం కనుక నీలిరంగు అద్దకంతో కనిపించేలా చేస్తారు. పెద్ద రంధ్రాలలో ఈ త్వచాన్ని పూర్తిగా తీసివేయక రంధ్రంపైకి మడిచే పద్ధతిని 2010లో పోలండు వైద్యురాలు జోఫియా మిఖలెవ్‌స్కా బృందం ప్రకటించింది. చివరగా కంటిలో వాయువు నింపుతారు.

తరువాతి జాగ్రత్తలు

* వాయు బుడగ ఎప్పుడూ పైకి తేలుతుంది. అది కంటి వెనుక ఉన్న రంధ్రాన్ని అదిమి ఉంచాలంటే ముఖం నేలవైపు ఉండాలి. అందుచేత వైద్యులు కొన్ని రోజులపాటు తల దించుకొని కూర్చోవలెనని, బోర్లా పడుకోవలెనని చెబుతారు. చిన్న రంధ్రాలకు ఈ నియమాన్ని సడలించవచ్చును.
* సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు రెండు మూడు వారాలలో, పెర్‌ఫ్లోరోప్రొపేన్ సుమారు రెండు నెలలలో కరిగిపోతాయి. అంతవరకు ఆ కంటితో చూపు సరిగా కనబడదు.
* వాయువు ఉన్నంతకాలం విమాన ప్రయాణం నిషిద్ధం. ఎత్తుకు వెళ్ళిన కొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, బుడగ వ్యాకోచించి, కంటిలో ఒత్తిడి పెరిగి శాశ్వతంగా చూపు పోవచ్చును. కొండలపైకి ఘాట్ రోడ్డు ప్రయాణానికి ముందు కూడా వైద్యుని అడగాలి.
* ఈలోగా మరే శస్త్రచికిత్స అవసరమైనా కంటిలో వాయువు ఉన్నదని ముందే చెప్పాలి. నైట్రస్ ఆక్సైడ్ మత్తువాయువు కూడా బుడగను పెంచుతుంది.

ఫలితాలు, పరిమితులు

చిన్న రంధ్రాలలో, కొత్తగా ఏర్పడిన వాటిలో ఫలితాలు బాగుంటాయి. రంధ్రం మూసుకొన్నా చూపు నెమ్మదిగా, కొన్ని నెలలపాటు మెరుగుపడుతుంది. పూర్తిగా మునుపటి చూపు అందరికీ రాదు. 50 ఏళ్ళు దాటిన వారిలో చాలామందికి రెండేళ్ళలోపు శుక్లం ఏర్పడుతుంది. అందువలన కొన్నిసార్లు రెండు శస్త్రచికిత్సలూ ఒకేసారి చేస్తారు. నేత్రపటలం ఊడిపోవడం, కంటిలోపల సూక్ష్మజీవుల బాధ అరుదైన ప్రమాదాలు. శస్త్రచికిత్స తరువాత నొప్పి పెరిగినా, చూపులో తెర అడ్డుపడినట్లున్నా వెంటనే వైద్యుని సంప్రదించాలి. ఒక కంటికి ఈ వ్యాధి వచ్చినవారు రెండవ కంటిని కూడా తరచుగా పరీక్షించుకోవడం అవసరం.

ఇవి కూడా చూడండి

* కన్ను
* నేత్రపటలం
* శుక్లం