మన కాళ్ళ కింది కిరణాలు

మొన్న కొలిమిగుండ్ల వెళ్ళినప్పుడు మా పెద్దమ్మ నన్ను గడపలోనే నిలవేసి అడిగింది.

"ఏమబ్బీ, ఈ నాపబండల్లో యురేనియం ఉందంట గదా! అన్నీ పెరికించి గ్రానైటు పరిపిద్దామనుకుంటాండా. అప్పుకు కూడా మాట్లాడినా."

నాకు నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. ఆమె భయానికి ఆధారం లేకపోలేదు. పొరుగున ఉన్న కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నది. అక్కడ ఆ ఖనిజం ఉన్నది ఒక రకం సున్నపురాతిలోనే. మా ఊరి నాపరాయీ సున్నపురాయే!

అసలు రేడియోధార్మికత అంటే ఏమిటి? కొన్ని పరమాణువుల గర్భానికి నిలకడ ఉండదు. ఎవరూ తాకకుండానే అది తనంతట తాను విరిగి, ఆల్ఫా, బీటా కణాలనో గామా కిరణాలనో వెదజల్లుతుంది. నల్లకాగితంలో చుట్టిన ఫోటో పలక మీద యురేనియం లవణం తన ముద్ర వేయటం చూసి, 1896లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ బెకరెల్ ఈ గుట్టు పట్టుకున్నాడు. మామూలు యురేనియంలో సగం మారిపోవటానికి సుమారు 450 కోట్ల ఏళ్ళు కావాలి. భూమి వయస్సూ దాదాపు అంతే. అంటే, ఆదిలో ఉన్నదానిలో సగం ఇంకా మిగిలే ఉన్నదన్నమాట!

రాళ్ళ దాకా ఎందుకు? మన ఒంట్లోని పొటాషియంలోనే ప్రతి సెకనుకూ సుమారు 4,000 పరమాణువులు విరుగుతుంటాయి. ఆకాశం నుంచి విశ్వకిరణాలు సరేసరి. ప్రకృతి నుంచి మనిషికి ఏటా అందే కిరణాల మోతాదు ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. అందులో దాదాపు సగం రేడాన్ అనే వాయువు వల్లనే.

యురేనియం వంశంలో పుట్టిన ఈ రేడాన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నేల నెర్రెల గుండా పైకి వస్తుంది. దాని పిల్ల పదార్థాలు దుమ్మునంటుకొని ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఏళ్ళ తరబడి ఎక్కువగా పీల్చితే క్యాన్సరుకు దారి తీయవచ్చు. పొగ తాగేవారికి ముప్పు మరీ ఎక్కువ. ఆరుబయట ఇది గాలిలో చెదిరిపోతుంది. మూసిన చోట పోగవుతుంది. గాలి ఆడని గుహల్లో ఇది బయటికన్నా ఎక్కువగా ఉండేది అందుకే. మా మండలంలోని బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. అటువంటి చోటికి గంటసేపు చూడవచ్చినవారికి భయం లేదు. రోజూ లోపలే పనిచేసేవారికి మాత్రం మంచి గాలి కావాలి.

ఇక పెద్దమ్మ బండల సంగతి. సున్నపురాయి అయినంత మాత్రాన అన్నిటా తుమ్మలపల్లె ఖనిజం ఉండదు. అది అక్కడి కొన్ని పొరలకే పరిమితం. పైగా, సాధారణంగా సున్నపురాతికన్నా గ్రానైటులోనే యురేనియం, థోరియం, పొటాషియం ఎక్కువ. అలాగని గ్రానైటు ఇళ్ళవారు బెదరనక్కరలేదు. మోతాదు స్వల్పమే.

"అయితే అప్పు చేసి ఎక్కువదాన్ని తెచ్చుకుంటానన్నమాట!" అని పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది.

"బండలు కదిలించొద్దు పెద్దమ్మా! ఆ చీకటి వంటింటికి ఒక కిటికీ పెట్టించు. పెదనాయన చేత బీడీ మాన్పించు" అన్నాను.

కిటికీ వారంలో లేచింది. బీడీ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.