వేసవిలో సర్వే, జనవరిలో అవసరం

మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 2020-21 పాఠ్యప్రణాళికతో తప్పనిసరి అయింది. 180 గంటల పని, 4 క్రెడిట్లు. మొదటి సంవత్సరం ముగిశాక వేసవి సెలవుల్లో ఒక ఊళ్లో ఇంటింటికీ తిరిగి సర్వే చేయాలి, తేలిన సమస్యపై కొంత పని చేయాలి, నివేదిక ఇవ్వాలి. ఉద్దేశం మంచిదే. చిక్కంతా క్యాలెండరుతోనే అని మేము అనుకుంటున్నాము.

గుంటూరు, ప్రకాశం పల్లెలనే తీసుకోండి (2022లో పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి వెళ్లినవీ కలిపే). ఇక్కడ మిరప కోతలు జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి. ఆ రోజుల్లో కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి, చేల పక్కన పట్టాలు కప్పుకుని ఉంటాయి. పిల్లలు బడి మానుకుని వెంట వస్తారు. చంటివాళ్లను ఆడించేది వాళ్లే, ఒక్కోసారి కాయ కోసేదీ వాళ్లే. మే నెలలో మన విద్యార్థి ఫారం పట్టుకుని వెళ్లేసరికి ఆ గుడారాలు ఉండవు. ‘బడి మానిన పిల్లలు’ అన్న గడిలో సున్నా పడుతుంది.

అందుకే ప్రాజెక్టు మాట ఆగస్టులోనే మొదలవ్వాలి. ఆ ఊళ్లలో ఏడాది పొడవునా పనిచేసే స్వచ్ఛంద సంస్థ దగ్గరికి ముందు అధ్యాపకులు వెళ్లాలి, విద్యార్థులు తరువాత. ‘ఏ నెలలో మీకు మనుషులు చాలడం లేదు?’ అని అడగాలి. జవాబు మామూలుగానే ఉంటుంది: సాయంత్రం రెండు గంటలు పిల్లలకు చదువు చెప్పేవారు, వాళ్ల పేర్లు, తరగతులు రాసుకుని దగ్గరి బడిలో చేర్పించేవారు.

గంటల లెక్క కష్టమేమీ కాదు. పన్నెండు వారాలు, శని, ఆదివారాల్లో (ఆరాధన ముగిశాకే) రోజుకు 5 గంటల చొప్పున 120 అవుతాయి. మిగిలిన 60 శిక్షణకు, వేసవిలో నివేదిక రాయడానికి సరిపోతాయి. అయితే గంటలను ఇలా విడగొట్టడానికి కళాశాల అనుమతి ముందే తీసుకోవాలి.

నలభైమందిని ఒక్కసారి దించితే సంస్థ కార్యకర్తలకు వాళ్లను చూసుకోవడమే పని అవుతుంది. ఎనిమిదిమంది చాలు. బస్సు ఛార్జీలు, కార్యకర్త వెచ్చించే రోజులకు ఖర్చు కళాశాలే భరించాలి. ఎవరి బాధ్యత ఏమిటో తెలుగులో ఒక పేజీ రాసుకోవాలి. పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకూడదన్న మాట అందులో తప్పక ఉండాలి. నివేదిక నకలు సంస్థకూ, గ్రామ సచివాలయానికీ అందాలి.

చేను రైతుతోనూ, కూలీల మేస్త్రితోనూ సంక్రాంతి లోపే మాట్లాడుకోవాలి. కోతలు ఊపందుకున్నాక మేస్త్రికి మాట్లాడే తీరిక ఉండదు.