సగం కథకి ఓ తోడు

మీ ఇంట్లో బీరువా అడుగున, చీరల మడతల కింద సగం రాసిన కథ ఏదైనా ఉందా? నా దగ్గర ఉండేది. ఎనిమిది నెలలు అలాగే ఉంది.

అది కొండచీపుళ్ళు అమ్ముకునే ఓ కొండరెడ్ల అమ్మాయి కథ. రాజమండ్రిలో మా వీధిలోకి వచ్చిన చీపుళ్ళమ్మిని చూసి మొదలుపెట్టాను. ఏడు పేజీలు చకచకా సాగాయి. తర్వాత పెన్ను కదల్లేదు. మావారికి చదివి వినిపిస్తే, పేపర్లోంచి తలెత్తకుండానే "బాగుందోయ్" అన్నారు. బాగుంటే మరి ముగియదేం?

చివరికి డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు గుర్తొచ్చింది. మారేడుమిల్లి వైపు టీచరుగా చేస్తోంది. కాలేజీ రోజుల్లో ఇద్దరం ఒకే నోటుబుక్కులో కథలు రాసుకున్నవాళ్ళమే. ఫోన్ చేసి కథంతా చదివాను. చివర నా కథానాయిక వాగు ఒడ్డున కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అవతల్నుంచి నవ్వు!

"అదేంటే! చీపుళ్ళ మోపు దించుకుని అక్కడ ఏడుస్తూ కూర్చుంటే సంతకెప్పుడెళ్తుంది? ఏడ్చేది ఆ పిల్ల కాదు, నువ్వు" అంది.

రెండు రోజులు కోపంగా ఉన్నాను. మూడో రోజు నిజమేననిపించింది. అప్పుడే ఒప్పందం చేసుకున్నాం. ప్రతి ఆదివారం రాత్రి భోజనాలయ్యాక నేను రెండు పేజీలు చదవాలి, తను అడ్డు తగలాలి. సిగ్నల్ దొరకని వారం ఊరుకునేవాళ్ళం. అయినా ఒకరు వినడానికి ఎదురుచూస్తున్నారంటే ఆ ఊపే వేరు. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా నాలుగు వాక్యాలు రాయడం అలవాటైపోయింది.

ముగింపు మాత్రం ఫోన్‌లో దొరకలేదు. "ఒక్కసారి రావే" అంది. గోకవరం, రంపచోడవరం మీదుగా బస్సులో వెళ్ళాను. మారేడుమిల్లికి అందరూ జలతరంగిణి చూడ్డానికో, బొంగులో చికెన్ తినడానికో వెళ్తారు. మేం వెళ్ళి సంతలో ఓ మూల కూర్చున్నాం. పక్కన చీపుళ్ళు పెట్టుకున్న ముసలమ్మ నా నోటుబుక్కు వైపు చూసి, "ఏం రాస్తన్నావమ్మా?" అంది.

"మీ చీపుళ్ళ గురించే."

"అయితే ధర రాయి."

నిజమే! అన్ని పేజీల్లో ఒక్కచోట కూడా నేను ధర రాయలేదు. కొండెక్కి కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి, మోసుకొచ్చిన మనిషితో ఐదు రూపాయల కోసం గీచిగీచి బేరమాడింది నేనే. ఆ సంగతే కథలో లేదు. ఇంటికొచ్చి ముగింపు మార్చేశాను. నా కథానాయిక ఏడవలేదు, చెప్పిన ధర మీదే నిలబడింది. బేరమాడే ఆవిడ పాత్ర రాయడానికి నాకు పెద్ద కష్టం కాలేదు లెండి!

తీరా పంపేటప్పుడు ఇంకో చిక్కు. కథలో గట్టి మాటలన్నీ స్నేహితురాలివే. నా పేరొక్కటే వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? నిజం చెప్పొద్దూ, ఆ బుద్ధీ పుట్టింది. అప్పుడు మన పెద్దలు గుర్తొచ్చారు. 1920లో తిరుపతిశాస్త్రిగారు పోయాక కూడా చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు జంట పేరుతోనే రాశారు. 'బీనాదేవి' భార్యాభర్తలిద్దరి కలం పేరు. 1990లో నరసింగరావుగారు పోయాక కూడా త్రిపురసుందరమ్మగారు ఆ పేరు వదల్లేదు. లేని మనిషికే వాళ్ళు అంత చోటిస్తే, ఉన్న మనిషికి నేనివ్వలేనా? రెండు పేర్లూ రాసి పంపాను.

"నా పేరెందుకే, నేనేం రాశాను?" అంది తను.

"అడ్డు తగిలావుగా" అన్నాను.

రాతలో తోడంటే పక్కన కూర్చుని సగం రాసేవాళ్ళే కానక్కర్లేదు. మనకు తెలియంది తెలిసి, మొహమాటం లేకుండా అడిగేవాళ్ళయితే చాలు. చిన్ననాటి స్నేహితురాలో, ఆడపడుచో, లైబ్రరీలో కనిపించే టీచరమ్మో ఎవరైనా కావచ్చు. వారంలో ఓ రోజు, ఓ వేళ ముందే అనుకోండి. ఆ సగం కథని చీరల కిందనుంచి తీసి, ఈ ఆదివారమే ఒకరికి చదివి వినిపించండి.