రాజీనామా

నూజివీడు ప్రాంతంలో పుష్య మాఘమాసాలలో పూతతో మొదలయ్యే మామిడి పని వేసవి ముదిరేకొద్దీ ఊపిరి సలపనివ్వదు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు చిక్కాలలోకి దిగి, పెట్టెలకెక్కి, లారీలలో దూరప్రాంతాలకు తరలిపోతుంటాయి. సుమారు ముప్పై ఏళ్ల క్రిందట, ఎం.ఏ. ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజులలో, నేనొక మామిడి వర్తకుని వద్ద లెక్కలు వ్రాసేవాడిని. మే నెల నడుమ అధ్యాపక ఉద్యోగం వచ్చినట్లు ఉత్తరం అందింది. యజమానికి ఎలా చెప్పాలో తెలియక, చెబితే కోపగిస్తాడేమోనని భయపడి, తెల్లవారుజామున బస్సెక్కాను. కోత కూలీలలో ఎవరికెంత బయానా ఇచ్చామో, ఇంకెంత బాకీ ఉన్నామో కొంత పుస్తకంలోను, కొంత నా తలలోను ఉండిపోయింది. ఫలితంగా వారికి నాలుగు రోజులు కూలి అందలేదు. తరువాత కలిసినప్పుడు ఆ వర్తకుడు, “చెప్పి వెళ్తే వద్దంటానా అబ్బాయీ? ఒక పూట కూర్చుని లెక్క ఒప్పజెప్పుకొనేవాళ్లం గదా!” అన్నాడు. నేను భయపడింది యజమానికి, నష్టపోయింది కూలీలు.

ఉద్యోగం మానుకొంటున్నట్లు తెలిపే పత్రాన్ని మనం ‘రాజీనామా’ అంటున్నాము. ఇది పారసీకం నుండి వచ్చిన మాట. ‘రాజీ’ అంటే సమ్మతి, ‘నామా’ అంటే పత్రం. ‘వీలునామా’లో ఉన్నదీ ఈ నామాయే. వ్యాజ్యంలో ఉభయపక్షాలు రాజీపడి దాఖలు చేసే పత్రాన్ని కూడా ఒకప్పుడు రాజీనామా అనేవారు. పోట్లాటను సూచించవలసిన చోట సమ్మతిని సూచించే మాట స్థిరపడడం నాకు ఆసక్తికరంగా తోస్తుంది.

మన ప్రాచీన సాహిత్యంలో కొలువులో చేరడాన్ని గురించి చెప్పినంతగా కొలువు మానడాన్ని గురించి చెప్పలేదు. విరాటపర్వంలో ధౌమ్యుడు పాండవులకు బోధించినదంతా రాజును సేవించే తీరే. అయితే అదే పర్వంలో ఒక చక్కని ఘట్టం ఉంది. కీచకవధ తరువాత సుదేష్ణ సైరంధ్రిని కొలువు విడిచి వెళ్లమంటుంది. ద్రౌపది కోపించదు, ప్రాధేయపడదు. ఇంకా పదమూడు దినాలు ఓర్చుకొమ్మని మాత్రం కోరుతుంది. అజ్ఞాతవాసంలో అన్ని దినాలే మిగిలి ఉన్నాయి. వెళ్లే తేదీ తన మనసులో స్పష్టంగా ఉన్నందువలన ఆమె మాట అంత నిబ్బరంగా వచ్చింది.

నేటి ఉద్యోగాలలో ఆ గడువును నియామకపత్రంలోనే వ్రాస్తారు. అది సాధారణంగా ఒకటి నుండి మూడు నెలలు. కొత్త కొలువుకు సంబంధించిన ఉత్తర్వు చేతికి వచ్చేవరకు నోరు విప్పకపోవడం మంచిది. వచ్చిన తరువాత మొదట తెలియవలసినది పై అధికారికే. తోటి ఉద్యోగుల ద్వారా ఆ వార్త ఆయన చెవిన పడితే, అటుపై ఎంత వినయంగా చెప్పినా రుచించదు. ముందు ముఖాముఖి చెప్పి, ఆ దినమే లేఖ ఇవ్వాలి. లేఖ నాలుగు వాక్యాలలో ముగియవచ్చు: మానుకొంటున్న సంగతి, చివరి పనిదినం, పని ఎవరికి ఎలా అప్పగిస్తారు, కృతజ్ఞత. అయిదేళ్ల మనస్తాపాన్నంతా అందులో గుమ్మరించకూడదు. ఆ కాగితం దస్త్రంలో చాలాకాలం ఉంటుంది. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా అయిదేళ్ల నిరంతర సేవ ఉండాలి గనుక, తేదీని నిర్ణయించే ముందు ఆ లెక్క చూసుకోవాలి. వెళ్లేటప్పుడు విధుల నుండి విడుదల చేసినట్లు ఉత్తర్వును, అనుభవ ధ్రువపత్రాన్ని తీసుకోవడం మరువరాదు.

ఇచ్చిన రాజీనామాను వెనక్కు తీసుకోవచ్చునా? అలహాబాదు ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి సతీశ్ చంద్ర, 1977 ఆగస్టు 1 నుండి పదవి విడిచిపెడతానని అదే ఏడాది మే నెలలో రాష్ట్రపతికి లేఖ వ్రాశారు. జులైలో మనసు మార్చుకొని దానిని ఉపసంహరించుకొన్నారు. వివాదం సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. ముందు తేదీ నుండి అమలు కావలసిన రాజీనామాను, అడ్డుచెప్పే నిబంధన ఏదీ లేనప్పుడు, ఆ తేదీ రాకముందే ఉపసంహరించుకోవచ్చునని 1978లో తీర్పు వెలువడింది.

అభిప్రాయభేదం వలన కొలువు వీడేవారికి కట్టమంచి రామలింగారెడ్డి గారి ఉదంతం తెలియాలి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మన నూజివీడుకు చేరువలోనే, బెజవాడలో ప్రారంభమైనప్పుడు ఆయనే తొలి ఉపాధ్యక్షులు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ప్రభుత్వం అనుసరించిన దమననీతికి నిరసనగా, 1930లో ఆ పదవికి రాజీనామా చేశారు. కారణాన్ని దాచలేదు, మెత్తబరచలేదు. ఆయన తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ స్థానంలోకి వచ్చారు. 1936లో రాధాకృష్ణన్ వెళ్లిన పిదప అదే విశ్వవిద్యాలయం మళ్లీ రామలింగారెడ్డి గారినే పిలిచింది. 1949 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నారు.