సీజర్ సంకేతలిపి

సీజర్ సంకేతలిపి అనగా సందేశంలోని ప్రతి అక్షరానికి బదులు, వర్ణమాలలో దాని తరువాత నిర్ణీత దూరంలో ఉన్న అక్షరాన్ని వ్రాసే రహస్య లేఖన పద్ధతి. రోమన్ సేనాని జూలియస్ సీజర్ మూడు స్థానాలు జరిపి వ్రాసేవాడని స్యూటోనియస్ పేర్కొన్నాడు. జరపవలసిన స్థానాల సంఖ్యను తాళంచెవి అంటారు.

==వ్రాసే విధానం==
తెలుగులో క నుండి మ వరకు గల 25 వర్గాక్షరాలతో దీనిని అభ్యసించవచ్చు. తాళంచెవి 3 అయితే "ప"కు బదులు "భ", "డ"కు బదులు "త", "ట"కు బదులు "ఢ" వస్తాయి. "మ" చివరి అక్షరం కావున మరల "క" నుండి లెక్కించగా "గ" వస్తుంది. ఆ విధంగా "పడమట" అనే మాట "భతగఢ" అవుతుంది. చదివేవారు మూడేసి స్థానాలు వెనుకకు జరుపుకోవాలి. గుణింతపు గుర్తులను మార్చకుండా వదిలితే మాట రూపురేఖలు కొంతవరకు బయటపడతాయి.

==విపత్తులలో ఉపయోగం==
వరద, తుఫాను సమయాలలో ఇల్లు విడిచి వెళ్ళేవారు, తాము చేరబోయే చోటును ఇంటివారికి మాత్రమే తెలిసేలా తలుపుపై వ్రాసి ఉంచవచ్చు. తాళంచెవిని ముందుగానే అనుకొని, కంఠస్థం చేసి ఉండాలి. అయితే సహాయం కోరే సందేశాన్ని ఎన్నడూ సంకేతలిపిలో వ్రాయరాదు. రక్షించవచ్చినవారు దానిని చదవలేరు.

==బలహీనత==
25 అక్షరాలకు 24 తాళంచెవులే ఉంటాయి కనుక ఓపిక గలవారు వరుసగా ప్రయత్నించి దీనిని ఛేదించగలరు. అక్షరాలను క్రమం లేకుండా మార్చినా, ఏ అక్షరం ఎన్నిమార్లు వచ్చిందో లెక్కించి ఛేదించే మార్గాన్ని 9వ శతాబ్దంలోనే అల్ కిందీ వివరించాడు. ఇంతకంటే క్లిష్టమైన సంకేతలిపిని నమ్ముకున్న స్కాట్లండు రాణి మేరీ లేఖలను 1586లో థామస్ ఫెలిప్స్ చదవగలిగాడు. వాటి ఆధారంగా ఆమెకు 1587లో మరణశిక్ష అమలైంది.